మడతపేచీ పెద్దాయన

జిగురు సీసా ఒరిగిపోయి, మాస్టరమ్మ గంటసేపు కష్టపడి కార్డుకు అంటించిన కాగితం పువ్వు మీద పడింది.

"అయ్యయ్యో! చెయ్యి వణికిందమ్మాయ్," అన్నాడు పక్క కుర్చీలోని పెద్దాయన.

మాస్టరమ్మకు ఒళ్లు మండిపోయింది. ఎడమచేత్తో ఆ కార్డును నలిపి బుట్టలో పడేసింది. కుడిచెయ్యి ఇక పనికిరాదని ఆమె ఎప్పుడో తేల్చేసుకుంది.

ఇరవై రెండేళ్లు బడిపిల్లల యూనిఫాంలు కత్తిరించిన చెయ్యి అది. ఆ చేత్తో గుడ్డ మీద సుద్దగీత గీస్తే మళ్లీ కొలవాల్సిన పని ఉండేది కాదు. టైలరింగ్ షాపులో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు, అందరికీ మాస్టరమ్మే. మూడు నెలల క్రితం ఓ పొద్దున పక్షవాతం వచ్చి, మాటను వదిలి చేతిని పట్టుకుపోయింది.

"వచ్చే నెల కొత్త యూనిఫాంల పని మొదలవుతుంది. ఈలోగా నువ్వు రాకపోతే కటింగ్ బల్ల ఇంకొకరికి ఇవ్వక తప్పదమ్మా," అని యజమాని ఫోన్లో చెప్పేశాడు. ఆయన్ని తప్పుపట్టడానికీ లేదు.

కోడలు మంచిపిల్ల. జడ వేసేది, హుక్కులు పెట్టేది, చెంచాతో తినిపించేది. చంటిపిల్లలా నోరు తెరిచిన ప్రతిసారీ మాస్టరమ్మకు చచ్చిపోవాలనిపించేది. ఒకరోజు ఆ చేతిని గోడకేసి కొట్టింది కూడా. నొప్పయినా సరిగ్గా తెలియలేదు. అందుకు ఇంకా ఏడ్చింది.

"ఆస్పత్రి పై అంతస్తులో గ్రీటింగ్ కార్డులు చేయడం నేర్పుతారు. వెళ్లండి, సరదాగా ఉంటుంది, మనసు తేలికపడుతుంది," అన్నాడు డాక్టరు.

"కొంప మునుగుతుంటే సరదా ఏంటి డాక్టర్ గారూ?"

అయినా వెళ్లింది. వారానికి మూడు రోజులు. ఇంట్లో గోడను చూస్తూ కూర్చోవడం కన్నా నయం కదా.

అక్కడ తగులుకున్నాడు ఈ పెద్దాయన.

అట్టను సగానికి మడవమంటే మూల ఒకవైపు, అంచు ఒకవైపు. అది చాలదన్నట్టు ఇతరుల పనికి వంకలు పెట్టేవాడు. క్లాసులో అందరూ ఆయన్ని చాటుగా మడతపేచీ అనేవాళ్లు. ఆ పేరు పెట్టింది మాస్టరమ్మే.

"అమ్మాయ్, ఈ అంచు కాస్త కత్తిరించి పెట్టవూ?"

"నేనే దొరికానా? టీచరమ్మ ఉందిగా."

"ఆవిడకి ఊపిరాడని పని. నువ్వు ఖాళీగానే ఉన్నావు కదా."

ఎడమచేత్తో కత్తిరించి ఇస్తే కళ్లజోడు సర్దుకుని చూసేవాడు.

"వంకర పోయిందే! నీది ఎడమచేతి వాటం కాదనుకుంటా. ఆ చేత్తో ఓసారి చూడు."

"ఆ చెయ్యి పనికిరాదని మీకు తెలీదా?"

"పోనీ, ఎడమచెయ్యి ఆనించి పట్టుకో. నా వణుకుతో నాకు అదీ రాదు."

వదిలితే కదా! కాగితం నొక్కి పట్టమనేవాడు, మడత మీద గోటితో గీయమనేవాడు, పూసలు ఒలకబోసి ఏరిపెట్టమనేవాడు. చేస్తే బాగాలేదని మళ్లీ చేయించేవాడు. ఆమె కార్డు ఒక్కటి పూర్తయ్యేసరికి ఆయనవి పది పూర్తయ్యేవి. మాస్టరమ్మ పళ్లు కొరుకుతూ చేసేది. ఆ కోపంలో ఏ చేత్తో ఏం చేస్తోందో చూసుకునేది కాదు.

ఇవాళ ఈ జిగురు. ఇక ఆగలేకపోయింది.

"ఇంకో పది రోజుల్లో నా బతుకు తేలిపోతుంది! ఇక్కడ మీకు ఊడిగం చేస్తూ కూర్చుంటే నా చెయ్యి ఎప్పుడు బాగవుతుంది? లేవండి, ఇంకెక్కడైనా కూర్చోండి!"

గదిలో అందరూ తలలు తిప్పారు. పెద్దాయన ఆమె ముఖం వైపు చూడలేదు. దూరంగా ఉన్న బల్లను చూపిస్తున్న ఆమె చేతి వైపు చూశాడు.

"సరేనమ్మా," అని తన కాగితాలు తీసుకుని వెళ్లిపోయాడు.

ఇంటికి వెళ్లే బస్సులో మాస్టరమ్మ కమ్మీ పట్టుకుని నిలబడింది. రెండు స్టాపులు దాటాక చూసుకుంది. పట్టుకున్నది కుడిచేత్తో.

ఇంటికి వెళ్లగానే పాత దుప్పటి పరిచి కత్తెర అందుకుంది. కత్తెర మెల్లగా నడిచింది, కానీ నడిచింది. చూస్తున్న కోడలు ఏడ్చేసింది.

తర్వాతి క్లాసులో మడతపేచీ వేరే బల్ల దగ్గర, కొత్తగా వచ్చిన లారీ డ్రైవరు ప్రాణం తీస్తూ కనిపించాడు. పీడ విరగడైందనుకుంది.

తొమ్మిదో రోజున షాపుకు వెళ్లింది. మునుపటి వేగం లేదు, గీత మాత్రం తప్పలేదు. యజమాని బల్ల ఆమెకే ఉంచాడు.

గుడ్డ మీద ఎడమచెయ్యి ఆనించి కత్తిరిస్తుంటే ఆ పెద్దాయన గొంతు చెవిలో వినపడ్డట్టయింది. తెలియక చెప్పినా ఆయన పనులే తన చేతికి కలిసొచ్చాయి. చేతులు వణికే ముసలాయన్ని నలుగురిలో అన్నేసి మాటలు అన్నానే అని ఆమె మనసు పీకింది.

ఆ ఆదివారం కుడిచేత్తోనే ఒక కార్డు చేసింది. లోపల "క్షమించండి" అని రాయడానికి పావుగంట పట్టింది.

క్లాసుకు తీసుకువెళ్తే ఆయన లేడు. నాలుగు రోజులుగా రావడం లేదని టీచరమ్మ ఇంటి గుర్తులు చెప్పింది.

తలుపు తీసింది ఆయన కూతురు.

"నాన్న శుక్రవారం పోయారండీ. గుండెపోటు."

మాస్టరమ్మ చేతిలోని కార్డును చూపించింది. ఆ అమ్మాయి లోపలికి తీసుకెళ్లి మంచినీళ్లు ఇచ్చింది.

"కార్డుల క్లాసు నుంచా? అమ్మ కోసం మొదలుపెట్టి, అమ్మ పోయాక కూడా మానలేదు. అమ్మకి చెయ్యి పడిపోతే నాన్న ఒక్క పనీ ముట్టుకోనివ్వలేదండీ. అక్కడ కార్డులు కూడా తనే కత్తిరించి ఇచ్చేవారు. ఆ చెయ్యి ఇక లేవనేలేదు. చేజేతులా పాడుచేశానని కుమిలిపోయేవారు."

"పాపం, అంత వణుకుతో అన్ని పనులు ఎలా చేశారో!" అంది మాస్టరమ్మ కళ్లు తుడుచుకుంటూ.

ఆ అమ్మాయి అర్థంకానట్టు చూసింది.

"వణుకా? నాన్నకా? పోయే ముందు రోజు దాకా షాపులో కూర్చుని చేతి గడియారాలు బాగుచేశారండీ."