దూకిన కన్ను

"ఏటమ్మి ఇది? అయిదు లైన్లు ఎగిరిపోయేయి!"

రమణమూర్తి 212వ పేజీని ధనశ్రీ ముక్కు కిందికి తోశాడు. రాయగడ స్టేషన్ రోడ్డులో ఆమెది చిన్న డీటీపీ షాపు. తెలుగులోనూ ఒడియాలోనూ పెళ్లికార్డులు కొట్టడం ఆమె పని. ఈ సీజన్లో వాటి మధ్య ఒక సిద్ధాంత గ్రంథం వచ్చి పడింది.

"కరెంటు పోయింది సార్. మళ్లీ వచ్చేసరికి ఎక్కడున్నానో తెలీలేదు."

"కరెంటు కాదు, కన్ను దూకింది. ఇక్కడ 'లేఖకుడు' అని ఉంది. అయిదు లైన్ల కింద మళ్లీ 'లేఖకుడు' అని ఉంది. ఈ మాట కొట్టి తలెత్తేవు, దించేసరికి ఆ మాట మీద వాలేవు. మధ్యలోది పోయింది. రెండు వేల ఏళ్ల కిందట మృతసముద్రం పక్కన తోలు చుట్ట మీద ప్రవక్త మాటలు ఎక్కించినోడూ ఇదే చేసేడు. తరవాత ఇంకెవడో వచ్చి, పోయిన ముక్కని వరసల మధ్యన ఇరికించి, చోటు చాలక అంచు మీద రాయవలసొచ్చింది."

"ఆయనకీ కరెంటు పోయిందేటి సార్?"

రమణమూర్తికి నవ్వొచ్చింది గాని నవ్వే తీరిక లేదు. యూదుల ప్రాచీన ప్రతుల్లో నకలు రాసినవాళ్ల తప్పుల మీద పదకొండేళ్లుగా పరిశోధన చేస్తున్నాడు. రేపు సాయంత్రం అయిదింటిలోగా యూనివర్సిటీలో ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఇక పొడిగింపు లేదని ఉత్తరం కూడా వచ్చింది.

వాళ్లది చింతపండు హోల్‌సేల్ కొట్టు. పొట్లాలకని కొన్న పాత కాగితాల కట్టలో, అతని ఇరవయ్యో ఏట, ఒక హీబ్రూ వాచకం దొరికింది. దాన్ని పొట్లాలకే వాడేసుంటే ఇంటిల్లిపాదీ సుఖపడేవాళ్లమని అన్నగారు ఢిల్లీశ్వరరావు ఇప్పటికీ అంటాడు. రమణమూర్తికీ అప్పుడప్పుడు అదే అనిపిస్తుంది.

"ఆ అయిదు లైన్లూ ఉండాలేటి సార్?" అంది ధనశ్రీ. "సోమరి, మందమతి అని ఆ రాసినోళ్లని తిట్టడమే కదా."

"అవన్నీ నీకెందుకమ్మి? ఉన్నది ఉన్నట్టు కొట్టడమే నీ పని."

ధనశ్రీ ఆ అయిదు లైన్లూ కొట్టింది. మిగతా పేజీలు తన చేతిరాతతో సరిచూద్దామని రమణమూర్తి అక్కడే స్టూలు మీద కూర్చున్నాడు. రాసింది తనే కావడంతో రెండో అధ్యాయానికే నిద్ర ముంచుకొచ్చింది. రైలు టైమైందని ధనశ్రీ తట్టి లేపితే, మిగతాది దేవుడి మీద వేసి స్టేషన్‌కి పరిగెత్తాడు.

నాలుగు నెలలకి మౌఖిక పరీక్ష వచ్చింది. ఆన్‌లైన్లో. ఇంటి దగ్గర లక్ష్మీపూర్ నుంచి వచ్చిన లారీలోంచి చింతపండు బస్తాలు దింపుతున్నారు, ఒకటే గోల. అందుకని ధనశ్రీ షాపులో రెండో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆమె పక్క సీట్లో ఎవరిదో పెళ్లికార్డు కొట్టుకుంటోంది.

పరీక్షకురాలు ప్రొఫెసర్ కృష్ణవేణమ్మ. ఇప్పటికే రెండు గ్రంథాలు తిప్పి పంపిందని పేరు.

"మూడు వందల పేజీల్లో రెండు వందల తొంభై అందరికీ తెలిసినవే" అని మొదలుపెట్టిందావిడ.

రమణమూర్తి పదకొండేళ్లూ చింతపండు పొట్లాలు కట్టుకున్నా బాగుండేది అనుకున్నాడు.

"212లో లేఖకుల్ని తిట్టిన అయిదు వరసలు తీసేయండి. పండితుడు రాయవలసిన మాటలు కావు."

"తీసేస్తానమ్మా."

పక్కన కీబోర్డు చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్లీ సాగింది.

"కాని 148వ పేజీ దగ్గర ఆగిపోయాను" అంది కృష్ణవేణమ్మ. "'తప్పు చేసిన లేఖకుడు మాత్రమే పాత మాటను మన దాకా చేర్చాడు.' ఎంత బాగా చెప్పారు! తెలివైనవాడు తనకి అర్థంకానిదాన్ని సరిదిద్దేస్తాడు, పాత మాట పోతుంది. ఏమీ తెలియనివాడు పొరపాట్లు చేస్తాడేగాని, ఉన్నదాన్ని మార్చడు. ఈ ఒక్క వాక్యానికి పట్టా ఇవ్వొచ్చు. ఎలా తట్టింది మీకు?"

రమణమూర్తికి అలాంటి వాక్యం రాసిన గుర్తే లేదు. బల్ల కింద సంచిలోంచి చేతిరాత ప్రతి లాగి చూశాడు. 'తప్పు చేసిన లేఖకుడు క్షమార్హుడు కాడు' అని ఉంది. తరవాత అరపేజీ తిట్లు. ఆ కింద, 'ఏ తప్పూ చేయని లేఖకుడు మాత్రమే పాత మాటను మన దాకా చేర్చాడు.' మొదటి 'లేఖకుడు' నుంచి రెండో 'లేఖకుడు' దాకా మొత్తం ఎగిరిపోయింది.

ఒక రోజు ధ్యానంలో తట్టిందమ్మా అంటే చాలు, డాక్టరైపోతాడు. అందామని నోరు తెరిచాడు కూడా. కాని ఇన్నేళ్లూ ఎప్పుడో చచ్చిపోయినవాళ్ల తప్పులన్నీ ఏరి, తన తప్పు దగ్గరకొచ్చేసరికి మింగేయడానికి సిగ్గేసింది.

"అమ్మా, ఆ వాక్యం నాది కాదు. నేను రాసింది దానికి సరిగ్గా ఎదురు. టైపు చేసేటప్పుడు ఆ అమ్మాయి కన్ను దూకింది. దాన్ని పట్టుకోవలసిన నేను, తప్పుల మీద పదకొండేళ్లు పరిశోధన చేసిన మహానుభావుణ్ణి, నా రాత చదువుతూ నిద్రపోయాను."

తెర మీద ఆవిడ బొమ్మ కదలకుండా నిలిచిపోయింది. నెట్ పోయిందేమో, దాంతోపాటు పట్టా కూడా పోయిందేమో అనుకున్నాడు. అంతలో కృష్ణవేణమ్మ పగలబడి నవ్వింది.

"ఇంతకన్నా రుజువేం కావాలండీ? ఏమీ తెలియని చేతి పొరపాటే నిజం పట్టిచ్చింది! ఈ సంగతి పీఠికలో రాయండి. పట్టాకి సిఫారసు చేస్తున్నాను."

తెర ఆరిపోయింది. రమణమూర్తి కళ్లు తుడుచుకుని పక్కకి తిరిగాడు.

"బతికించేవమ్మి! పదకొండేళ్లు చదివి నేను కనిపెట్టలేనిది, నువ్వు చూసుకోకుండా కనిపెట్టేవు. పీఠికలో నీ పేరు వేస్తాను. సరైన చోట కన్ను దూకినందుకు ధనశ్రీకి కృతజ్ఞతలు అని."

ధనశ్రీ పెళ్లికార్డు మీంచి తలెత్తలేదు.

"కన్ను దూకలేదు సార్, సదివే తీసేసేను."