బావమరిది గోల్

కిసుము పట్టణంలో వసోంగాకు తెలిసినంత ఫుట్‌బాల్ ఆ ఆట ఆడేవాళ్లకు కూడా తెలియదు. బజారులోని టీవీ హాల్లో ముందు బెంచీ అతనిది. లండన్ జట్టు కోచ్ ఎవరిని దింపాలో, ఎవరిని కూర్చోబెట్టాలో అక్కడి నుంచే ఆదేశాలిస్తాడు. కోచ్ వినడు. అందుకే ఆ జట్టు ఓడిపోతుంటుంది.

ఇంత జ్ఞానం ఉన్నవాడు ఆట ఎందుకు మానేశాడని కొత్తవాళ్లు అడుగుతారు. పాతవాళ్లకు ఆ కథ కంఠతా వచ్చు.

చిన్నప్పుడు వసోంగా తన బడి జట్టుకు గోల్‌కీపర్. మిషన్ బడితో ఫైనల్. ఆట ఇక ముగుస్తుందనగా అవతలి జట్టులోని పదో నంబరు ఎడమకాలు మైదానం మధ్య నుంచే ఒక్క తన్ను తన్నింది. బంతి వసోంగా తల మీదుగా వెళ్లి వలలో పడింది. దాని వెనకే పరిగెత్తిన వసోంగా కూడా వలలో పడ్డాడు. ఆ చిక్కు విడదీయడానికి మాస్టర్లు కదిలి రావాల్సి వచ్చింది. మైదానమంతా నవ్వింది. మర్నాటి నుంచి అతను ప్రేక్షకుడు.

పదో నంబరు అంటే ఒడోంగో అని అందరికీ తెలుసు. వసోంగా ఖర్మ కొద్దీ, పెద్దయ్యాక అతను ప్రేమించిన అపియోకు ఆ ఒడోంగోయే తమ్ముడయ్యాడు. పెళ్లి మాటల్లో కన్యాశుల్కంగా తానివ్వాల్సిన ఆవుల్లో ఒకటి తగ్గించి, అది గోల్‌కు జరిమానా అన్నాడు వసోంగా. పిల్ల తండ్రి మండిపడ్డాడు. అపియోనే ఆయనకు నచ్చజెప్పింది.

టీవీ హాల్లో ఒడోంగోది వెనక బెంచీ. వేరుశనగలు తెచ్చే పని కూడా అతనిదే. తెరమీద ఎవరు గోల్ కొట్టినా వసోంగా వెనక్కి తిరుగుతాడు.

“చూశావుటోయ్, కొట్టడమంటే అదీ. నీలాగా గుడ్డిదెబ్బ కాదు.”

పక్కన కూర్చున్న అపియోకు ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ప్రతి ఆటలోనూ మొదటి నుంచీ వివరిస్తాడు. ఆమె ప్రతిసారీ శ్రద్ధగా వింటుంది.

ఇంతలో మిషన్ బడి స్వర్ణోత్సవం వచ్చింది. రెండు బడుల పాత విద్యార్థులకూ ఆట పెట్టారు. వసోంగాకు గ్లవ్స్ కొనే పనీ, పొట్ట తగ్గించే పనీ ఒకేసారి మీద పడ్డాయి. మొదటిది పూర్తయింది.

తాను రానని ఒడోంగో బతిమాలాడు. ఆట మరిచిపోయానన్నాడు. వసోంగా వింటేగా. చివర్లో ఒడోంగో తనకెదురుగా నిలబడి ఒక్క పెనాల్టీ కొట్టి తీరాలని పెద్దలను ఒప్పించి, ఊరంతా చాటుకొచ్చాడు.

ఆ రోజు టీవీ హాలు ఖాళీ. జనమంతా మైదానం చుట్టూ ఉన్నారు. అపియో భర్త కోటు ఒళ్లో పెట్టుకుని, చెప్పులు విడిచి, గడ్డిలో కాళ్లు చాపుకుని కూర్చుంది.

ఒడోంగో పరిగెత్తుకొచ్చి కుడికాలితో తన్నాడు. బంతి గోల్ దరిదాపులకు కూడా పోకుండా, పక్కన మేస్తున్న మేకల మధ్యకు పోయింది. వసోంగా అప్పటికే రెండో వైపుకు దూకి బోర్లా పడి ఉన్నాడు. అయినా ఆపినట్టే లెక్క. మిత్రులు అతన్ని భుజాలకెత్తుకోబోయి, బరువు చూసి, వీపు తట్టి సరిపెట్టారు.

“అది గుడ్డిదెబ్బని ఇన్నేళ్లూ మొత్తుకున్నాను. ఇప్పుడైనా నమ్ముతారా?” అన్నాడు వసోంగా. అతని కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. ఆనాడు పగలబడి నవ్విన ముసలి మాస్టారు వచ్చి చేయి కలిపితే, ఆ చేతిని చాలాసేపు వదల్లేదు.

సాయంత్రం ఇంట్లో విందు. వేయించిన చేపలు, మొక్కజొన్నపిండితో వండిన ఉగాలి ముద్దలు. వసోంగా పెద్దమనసు చేసుకుని, బావమరిదిని అందరిముందూ క్షమించేశాడు. తగ్గించిన ఆవును మామగారికి తోలిస్తానన్నాడు. వేరుశనగలు మాత్రం ఎప్పటిలాగే ఒడోంగో తేవాలన్నాడు.

ఒడోంగో చేయి కడుక్కునే నెపంతో వంటింట్లోకి వెళ్లాడు. పొయ్యి దగ్గర అపియో ఒక్కతే ఉంది. అతను గొంతు తగ్గించి అడిగాడు.

“ఆ రోజు నేను మలేరియాతో మంచాన పడుంటే, కవలలం కదా ఎవరూ పోల్చుకోరని నా బదులు వెళ్లి నువ్వు కొట్టొచ్చిన గోల్‌కి, ఇంకా ఎన్నాళ్లు నేను తిట్లు తినాలే అక్కా?”