మెట్రో కింద పెళ్లిచూపులు

పెళ్లిచూపులు హైటెక్ సిటీ మెట్రో స్టేషన్లో పెట్టుకుందామని అబ్బాయే కబురు చేశాడు. నచ్చకపోతే ఎవరి రైలు వాళ్లు ఎక్కొచ్చట. మా చెల్లెలి కూతురు జ్యోత్స్న సరేనంది. ఈ సంబంధమైనా కుదరాలని హనుమంతుడికి మొక్కుకుని, పిల్లను వెంటబెట్టుకుని బయలుదేరాను.

హరిద్వారం వెళ్లినప్పుడు ఢిల్లీలో నేనెక్కిన మెట్రో భూమి లోపల ఉంది. ఎక్కడైనా అంతే అనుకున్నాను. ఆటో దిగగానే పక్కన కిందికి మెట్లు కనబడితే చకచకా దిగాను. జ్యోత్స్న నోరు మెదపకుండా నా వెనకే వచ్చింది.

కింద రైలు లేదు. అదేదో ఆఫీసు సెల్లారు, నిండా కార్లు. ఓ మూలన, డ్రైవర్లు పెట్టుకున్న హనుమంతుడి పటం ముందు ఒకబ్బాయి కళ్లు మూసుకుని నిలబడ్డాడు. ఫోటోలో చూసిన పెళ్లికొడుకే, నితీష్.

"స్వామీ, ఆ పిల్ల స్టేషన్‌కు రాకుంట చూడు. ఐదు కొబ్బరికాయలు కొడ్త," అంటున్నాడు.

పిల్లను వెనక్కి లాగబోయాను. జ్యోత్స్న మాత్రం పకపకా నవ్వింది.

"ఐదా? మీరు కనబడకుంట జెయ్యమని నేను ఈ స్వామికి రెండే మొక్కిన!"

అతను కళ్లు తెరిచి, సిగ్గుపడి, తనూ నవ్వేశాడు. "ఇగ ఇద్దరం కొట్టేది లేదు. పైన స్టేషన్‌ల జర చాయ్ తాగుదమా?"

"స్టేషన్ పైన ఉన్నదని నీకు ఎరుకలేదానే?" అని పిల్లను నిలదీశాను.

"రోజూ గాడనే దిగుత పెద్దమ్మా," అంది, అతని వెంట మెట్లెక్కుతూ.

పటానికి దండం పెట్టుకున్నాను. ముగ్గురం మొక్కింది ఒకే స్వామికి. పెద్దదాన్నని నా మాటే విన్నాడు.