పడితే లేపే బీమా

చెరువు గట్టున నక్క తాబేళ్ళకి డిప్ప బీమా అమ్ముతోంది. ముసలి తాబేలు వెంకాయమ్మ కూడా కొనడానికి ఓ చేప తెచ్చింది.

"ఇంకో చేపిచ్చి 'పడితే లేపే బీమా' కూడా తీసుకోండమ్మా. అది లేకుండా ఇదివ్వరు," అంది నక్క. పచ్చి అబద్ధం. వెంకాయమ్మ నమ్మి ఇచ్చేసింది.

మర్నాడే ఆవిడ రాయెక్కబోయి వెల్లకిలా పడింది. కాళ్ళు గాల్లో కొట్టుకుంటూ నక్కని కేకేసింది.

నక్క తీరిగ్గా వచ్చింది. "ఆకాశంలోంచి పడితేనే పడ్డట్టమ్మా. మీరు తిరగబడ్డారు. తిరగబడ్డవాళ్ళకి మా బీమా వర్తించదు."

చుట్టూ ఉన్న తాబేళ్ళు ఆ మాట విన్నాయి. వెంకాయమ్మని నెట్టి నిలబెట్టాయి. అన్నీ కలిసి, "మా చేపలు కక్కు!" అంటూ నక్క మీదికి నడిచాయి.

"ఏంటమ్మా ఇది?" అంది నక్క, వెనక్కి జరుగుతూ.

"ఇందాక నేను పడ్డాను నాయనా," అంది వెంకాయమ్మ. "తిరగబడడమంటే ఇదీ!"