అవి ఉంటేనే మనం

మెట్ల పక్క గోడ మీది బొద్దింకను చూసి క్యారేజీలావిడ చీపురెత్తింది.

"ఆగండమ్మా, ఆగండాగండి!" అంటూ పైవాటా పెద్దమనిషి మెట్లు దిగి వచ్చాడు. జేబులోంచి కాగితం తీసి పొట్లంలా చుట్టి, బొద్దింకను సుతారంగా అందులోకి తోలి, సీసాలో వేసుకున్నాడు. గాలాడటానికి సీసా మూతకు చిల్లులు కూడా పొడిచి పెట్టుకున్నాడు మహానుభావుడు.

"చంపడానికి మనమెవరమండీ? అవి ఉంటేనే మనం," అన్నాడు.

ఆర్నెల్ల క్రితం ఆ వాటాలో దిగాడు. వీధివాళ్ళు ఆయనకు 'ప్రకృతిగారు' అని పేరు పెట్టేశారు. ఎవరింట్లో స్ప్రే డబ్బా కనిపించినా గుమ్మంలో నిలబడి ఉపన్యాసం దంచుతాడు. పోగుచేసిన బొద్దింకల్ని రోజూ పొద్దున్నే తీసుకెళ్ళి, ఒక్కోరోజు ఒక్కో ఇంటి వెనక, మురుగుకాలవ పక్కన వదిలి వస్తాడు. అన్నీ ఒకేచోట వదిలితే వాటికి తిండి చాలదట! ఆ దయ చూసి కొందరు చేతులెత్తి దణ్ణం కూడా పెట్టారు.

క్యారేజీలావిడకు మాత్రం ఒళ్ళు మండేది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, జాలి ఆయనదీ, వంటిల్లు తనదీనా?

"మీ జాలి మా వంటింటికి కాస్త దూరంగా ఒలకబోసుకోండి," అని ఒకసారి అనేసింది కూడా.

"ప్రకృతితో కలిసి బతకడం నేర్చుకోవాలమ్మా," అన్నాడు చిరునవ్వు చెదరకుండా. "మూలల్లో నిమ్మతొక్కలు పెట్టండి. వాటంతటవే పోతాయి."

పెట్టింది. పోలేదు సరికదా, తొక్కలు తిని మరీ పిల్లల్ని పెట్టాయి.

ఆవిడ బతుకంతా ఆ వంటింట్లోనే ఉంది. ఓ ఆఫీసుకు మధ్యాహ్నం భోజనం క్యారేజీలు పంపితేనే ఇల్లు గడిచేది. మొన్న ఎవరి కూరలోనో బొద్దింక కాలు తేలింది. రేపు ఆ ఆఫీసు మేనేజరు స్వయంగా వచ్చి వంటిల్లు చూస్తానన్నాడు. ఒక్కటి కనిపించినా ఆర్డరు ఇంకొకరికి వెళ్ళిపోతుంది.

"మందు కొట్టిస్తే ప్రకృతిగారు నొచ్చుకుంటారేమోనే. పుణ్యాత్ముడు," అని మొగుడు నసిగాడు.

"ఆయన పుణ్యం మీరు వండుకు తినండి," అందావిడ.

బొద్దింకలకు మందు కొట్టేవాళ్ళ నంబరు వీధి మొగలో గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉంది. ఇన్నాళ్ళూ ఉపన్యాసానికి జడిసి ఆవిడ అటు తల తిప్పలేదు. ఇప్పుడు గబగబా వెళ్ళి చూసుకొచ్చి, వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఫోన్ చేసింది.

"నమస్కారమండీ! ఒక్క కబురు చాలు, మీ ఇంట్లో పురుగన్నది బతకదు. చంపే పూచీ మాది!"

ఆ మాటలు ఆవిడకు ఒక చెవిలో ఫోన్లోంచీ, రెండో చెవిలో పైవాటా కిటికీలోంచీ ఒకేసారి వినబడ్డాయి.