రెండో చెయ్యి

ఉదయాన్నే క్రీము రాయాలి. వేళ్ల నుంచి భుజం దాకా కట్టు కట్టాలి. కట్టుతోనే వ్యాయామం చేయించాలి. ఆదివారం టేపుతో కొలవాలి. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత వాచిన అమ్మ కుడిచేతి కోసం థెరపిస్టు రాసిచ్చిన ఈ పనుల్లో నేను ఒక్కటీ తప్పలేదు.

ఆ ఆదివారం టేపు చూసి ఎగిరి గంతేశాను. "అమ్మా, ఏకంగా అంగుళం తగ్గింది! ఇక కుట్టు మిషను ముందు కూర్చోవచ్చు నువ్వు!"

"డిగ్రీ అయితే వచ్చింది గానీ, కొలతలు తీయడం రాలేదే నీకు," అని నవ్వింది ముప్ఫై ఏళ్లు జాకెట్లు కుట్టిన అమ్మ. "ఆ రెండో చెయ్యి కూడా కొలువు."

కొలిచాను. వాపే లేని ఎడమచెయ్యి, థెరపిస్టు మొదటి రోజు రాసిన కొలత కంటే అంగుళం తగ్గి ఉంది.

అమ్మ తన జాకెట్టు అంచు తిప్పి చూపించింది. లోపల పక్కపక్కనే మూడు కుట్లు. చిక్కిపోతున్న కొద్దీ నాకు తెలియకుండా, మిషను లేకుండా సూదితోనే బిగించుకుంటూ వచ్చింది.

"మళ్లీ వచ్చిందా అమ్మా?"

"డాక్టరు చెప్పి నెలైంది."

"మరి రోజూ ఈ కట్టు ఎందుకు కట్టించుకున్నావు?"

"నువ్వు నా చెయ్యి పట్టుకుని గంటసేపు కూర్చునేది అప్పుడే కదే," అంటూ చెయ్యి చాపింది.

కట్టాను.

ఏ పాత జాకెట్టులోనైనా పక్కపక్కనే కుట్లు కనిపిస్తే, మా అమ్మను ఒక్కసారి తలుచుకోండి.