మామిడిపండు రంగు

గుర్రపు లద్ది ఎండబెట్టి పొడి చేయించాలి. దేవదారు చెక్కలు తెప్పించాలి. మంటకు పర్మిషన్ తీసుకోవాలి. ఫైర్ వాచర్‌ని పిలిపించాలి. లూసియా గారి కుర్చీ మంటకు దగ్గరగా, వేడి తగిలేలా వేయాలి.

శ్రీసుధ అన్నిటికీ టిక్కు పెట్టింది. అది 2014 జనవరి. గల్ఫ్‌లో అల్ ఖూజ్‌లోని ఆ ఆర్ట్ గ్యాలరీలో ఆమె చేరి రెండు నెలలే.

లూసియా అమెరికాలోని ప్యూబ్లో జాతి కుమ్మరి. డెబ్బై రెండేళ్లు. ఎప్పుడూ వెంట ఉండే మనవరాలు నిండు నెలలతో ఇంటి దగ్గరే ఆగిపోయింది. కుండను విమానంలో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది లూసియా. సారె లేకుండా మట్టి తాళ్లు పేర్చి, చుట్టూ నీటిపామును చెక్కి, అమ్మమ్మ ఇచ్చిన రాయితో మెరుగు పెట్టిన కుండ. కాల్చడం మాత్రం ఇక్కడ, జనం ముందు.

కుండ సరైన రంగుకు కాలగానే లద్దిపొడితో కప్పేయాలి. పొగ పట్టి నల్లగా నిగనిగలాడుతుంది. ఒక్క నిమిషం ఆలస్యమైతే మెరుపు చచ్చిపోతుంది. రెండోసారి కాల్చడమంటూ ఉండదు.

నలభై మంది పెరట్లో చుట్టూ నిలబడ్డారు. లూసియా శ్రీసుధ భుజం పట్టుకుని నడిచొచ్చి కూర్చుంది. మొహం మంటవైపే.

రంగెలా ఉందని ఇంగ్లీషులో అడిగింది. ఎర్రగా ఉందంది శ్రీసుధ. కాసేపటికి మళ్లీ అడిగింది. పెద్దావిడ ఏదో ముచ్చటకు అడుగుతోందనుకుని శ్రీసుధ మళ్లీ అదే చెప్పింది.

పక్కన ఫైర్ వాచర్ పోశయ్య. జగిత్యాల వైపు మనిషి. మంటలార్పే సిలిండర్ పట్టుకుని నిలబడటమే అతని డ్యూటీ.

"మేడం, అది ఎరుపు గాదు. మామిడిపండు రంగుకొచ్చింది. ఇగ కప్పుమనుండ్రి."

"ఆవిడ చూస్తూనే ఉందిగా. సిలిండర్ పట్టుకునేవాడివి, నువ్వు నేర్పుతావా?"

లూసియా మూడోసారి అడిగింది. శ్రీసుధ నోరు తెరిచేలోపే పోశయ్య సిలిండర్ కింద పెట్టి పార అందుకున్నాడు. పొడి మొత్తం మంట మీద పోసేశాడు.

పెరడంతా పొగ. మంట ఆర్పేశాడని జనం గొణిగారు. లూసియా కుర్చీలోనే కూర్చుని పొగ వాసన పీల్చింది. కుండ పాడైందని శ్రీసుధకు ఏడుపొచ్చింది. పోశయ్య పైనున్న ముదీర్‌కి, అంటే మేనేజర్‌కి ఫోన్ చేసింది. ఆయన స్పీకర్లోనే తేల్చేశాడు.

"ఖలాస్. రేపే వాడి వీసా క్యాన్సిల్."

పోశయ్య తలెత్తలేదు. పొగ కారే సందులు మూస్తూనే ఉన్నాడు.

"మా అయ్య నల్లకుండలు కాల్చేటోడు మేడం. ఆవం నేనే కప్పేటోణ్ని. ఒక్క గంట ఆగుండ్రి. అటెన్క పంపియ్యుండ్రి."

గంట తర్వాత కుండను బయటకు తీశారు. బూడిద తుడిస్తే అద్దంలాంటి నలుపు. పాము ఒంటి మీద చిన్న గీత కూడా చెడలేదు.

చల్లారాక లూసియా దాన్ని చెంపకు ఆనించుకుంది. ఎవరు కప్పారని అడిగింది. పోశయ్య చేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

శ్రీసుధ ముదీర్‌ని బతిమాలింది. డ్యూటీలో సిలిండర్ వదిలినవాడు తనకొద్దన్నాడాయన. గురువారం పోశయ్య ఫ్లైటెక్కాడు.

ఆ కుండ ఇప్పటికీ గ్యాలరీ గాజు పెట్టెలో ఉంది. కింద లూసియా పేరొక్కటే. ఎప్పుడైనా దాని ముందు నిలబడితే పోశయ్యను తలుచుకోండి, ఎందుకంటే ఆ రోజు మంట రంగు అడుగుతూ కూర్చున్న లూసియాకు చూపు పోయి అప్పటికే మూడేళ్లు.